మాస్కు వెనక మాట

మా బాపుకు చెవుడు. సూరత్‌లో సాంచాల మధ్య బతికిన వాళ్లందరికీ అంతో ఇంతో ఉంటుంది. ఆ మరమగ్గాల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి, వాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. బాపు మాత్రం చెవుడని చస్తే ఒప్పుకోడు. అర్థం కాకపోతే నవ్వి, "మంచిది మంచిది" అనేస్తాడు. ఆ మాటతో మా ఇంట్లో ఎన్ని పనులు తలకిందులయ్యాయో చెప్పలేను.

ప్రతి ఆదివారం డిండోలి చెరువు తోటకు బాపును నేనే తీసుకెళ్లేదాన్ని. బాపు పక్క సాంచా మీద పనిచేసే, తమ్ముడి వరసయ్యే కాక, ఉన్ అనే పేట నుంచి వచ్చేవాడు. ఇద్దరూ నీళ్ల పక్కన బెంచీ మీద ఎదురెదురుగా తిరిగి, గొంతు లేకుండా, పెదాలతోనే గంటలకొద్దీ ముచ్చట పెట్టేవారు. ఇంట్లో బాపు ఎవరితోనూ అన్ని మాటలు ఆడలేదు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

కరోనా వచ్చి తోట మూశారు. మళ్లీ తెరిచేసరికి చెరువు నిండా గుర్రపుడెక్క. పక్కపక్కన కూర్చోకుండా బెంచీల మధ్యలో తాళ్లు కట్టారు. మాస్కు కాస్త జరిపితే చాలు, కాపలావాడు ఈల ఊదేవాడు. ఆ ఈల వింటే నాకు ఒళ్లు మండేది. బాపూ కాకా ఎడంగా కూర్చుని, ఒకరి కళ్లు ఒకరు చూసుకుని లేచి వచ్చేవారు.

తర్వాత కాక రావడం మానేశాడు. ఫోను చేస్తే కలవలేదు. ఊరికి పోయుంటాడులే అని సర్దిచెప్పాను. అయినా ఆదివారం వస్తే చాలు, బాపు పొద్దున్నే చెప్పులేసుకుని గడపలో నిలబడేవాడు.

ఒక ఆదివారం కాక భార్య, మా చిన్నమ్మ, ఒక్కతే వచ్చింది. ముఖానికి మాస్కు, దాని మీద కొంగు. బెంచీకి దూరంగానే ఆగింది.

"మీ తమ్ముడు పోయిండు బావా. దవాఖానల ఆఖరి సూపు గూడ సూడనియ్యలే."

బాపు ఆమె కళ్లవైపు చూసి నవ్వాడు.

"మంచిది మంచిది. వచ్చే ఐతారం తోల్కరా. జర చెవులకు రుమాలు కట్టుకొమ్మను, గాలి బాగ కొడుతున్నది."

చిన్నమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఏమైందన్నట్టు బాపు నా వైపు తిరిగాడు. నేను మాస్కు లాగేశాను. ఈల మోగింది. ఆయనకు గొంతు అవసరం లేదు. పెదాలతోనే చెప్పాను.

బాపు చాలాసేపు నా నోటివైపే చూశాడు.

"మళ్ల జెప్పు బిడ్డా," అన్నాడు. "నాకు సమజ్ కాలే."

అర్థం కాలేదని బాపు అనడం నేనెప్పుడూ వినలేదు. మళ్లీ చెప్పాను.