మూడో మంచం ఖాళీ

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చదివింది కంప్యూటర్లు. ఏది చెడినా మూడు చోట్లే వెతికేవాణ్ణి: కరెంటు, వైరు, మనిషి.

చదువైపోయిన ఏడాది చర్ల వైపు అడవి అంచున ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖానాలో పని దొరికింది. ఎవరో పారేయబోయిన నాలుగు పాత కంప్యూటర్లు వాళ్లకొచ్చాయి. ఒక్క ప్రోగ్రాం తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. వాటి హార్డ్‌డిస్కులు తీసేసి, ఆఫీసు గదిలోని ఒక కొత్త కంప్యూటర్‌కు వైర్లతో కలిపాను. పనంతా కొత్తదే చేస్తుంది. పాతవి తెర మీద బొమ్మ చూపిస్తాయి, నొక్కిన అక్షరాలు దానికి పంపిస్తాయి. వాటికి సొంతంగా ఏదీ గుర్తుండదు.

వార్డుల్లో సిస్టర్లు జ్వరం, మందులు, ఏ మంచం మీద ఎవరున్నారు, అన్నీ వాటిలోనే ఎక్కించేవాళ్లు. వాళ్లు రాసిన ఏ లైను ఎక్కడి నుంచి, ఎన్నింటికి వచ్చిందో నాకు కనిపించేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం రెండింటికి దవాఖానా జీపు భద్రాచలం బయల్దేరుతోంది. పిల్లల వార్డు సిస్టర్ మార్తక్క నా గదికొచ్చింది.

“తమ్మీ, మూడో మంచం ఖాళీ అని ఎవరు రాసిండ్రు? లచ్చి ఆడనే కూసోని జావ తాగుతుంది.”

లచ్చి ఎనిమిదేళ్ల కోయ పిల్ల. మలేరియా. పొద్దున్నుంచి జ్వరం తగ్గింది.

చూశాను. లైను ఉంది. తేదీ ఆ రోజుదే, టైము మాత్రం సాయంత్రం ఆరూ నలభై; అప్పటికింకా మధ్యాహ్నం రెండే. వచ్చింది నాలుగో కంప్యూటర్ నుంచి.

నాలుగోది మూత విప్పి నా బల్ల మీదే ఉంది. దాని నెట్‌వర్క్ కార్డు ముందురోజే పీకాను. కరెంటు వైరు కూడా లేదు.

“నాకు మంచిగ అనిపిస్తలేదు. పిల్లను జీపుల భద్రాచలం పెద్ద దవాఖానకు పంపుదామా?” అంది మార్తక్క.

“కంప్యూటర్ తప్పక్కా. దీనికే భయపడితే రేపు వార్డంతా ఖాళీ చేస్తావు.” నవ్వాను కూడా.

బయట డ్రైవర్ రహీం భాయ్ హారన్ కొట్టాడు. “జల్దీ అక్కా! వాగు పొంగితే నీళ్ల మీద నడవనీకి నా జీపేమన్నా మీ ప్రభువా?”

ఆమె నవ్వలేదు. “చదువుకున్నోనివి. నువ్వే చెప్పు.”

“ఏం కాదక్కా.”

జీపు వెళ్లిపోయింది. నేను ఆ లైను తుడిచేశాను.

నాలుగింటికి లచ్చికి ఫిట్స్ మొదలయ్యాయి. అప్పటికే వాగు రోడ్డెక్కింది. డాక్టరమ్మ చేతనైనదంతా చేసింది. ఆరూ నలభైకి పిల్ల పోయింది. తెల్లారి తండ్రి ఆమెను భుజాన వేసుకుని అడవి దారి పట్టాడు.

తర్వాత అన్నీ పరీక్షించాను. గడియారం సరిగ్గానే ఉంది. మిగతా లైన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది ఎవరి పేరుతో ఎక్కిందో చూద్దామంటే, చూడకముందే తుడిచేశాను.

మార్తక్క నన్ను మళ్లీ ఏదీ అడగలేదు.

ఆ లైను ఎవరు రాశారో ఇప్పటికీ చెప్పలేను. ఏం కాదని చెప్పింది మాత్రం నేనే.