బల్ల మీద పెట్టిన సూది

యుద్ధం రోజుల్లో ఓసారి నరసరావుపేట స్టేషన్లో మాచర్ల బండి కోసం బల్ల మీద కూర్చున్నా. అప్పుడు నాకు పదహారేళ్ళు. పక్కన ఓ పెద్దావిడ సూదులు, దారాలు, కత్తెర పెట్టుకునే మడత సంచి కుడతా ఉంది. ఆకూవక్కా తిత్తిలాగే అరలు అరలుగా ఉండి, చుట్టి కట్టేందుకు చివర తాడు వేలాడుతోంది.

నా రవిక భుజం దగ్గర పిగిలి ఉండటం చూసి, ఆమే సూదికి దారమెక్కించింది. నేను చెయ్యి చాపా. చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మేం రాళ్ళు కొట్టేవాళ్ళం. మాకు ఏదిచ్చినా అట్టా అంటకుండా పెట్టేవాళ్ళే చానామంది.

“నీ సూది నాకొద్దులే” అన్నా.

ఆమె బిత్తరపోయింది. “అదేందే పిల్లా! సూది చేతికిస్తే తగువొస్తదంటారు. మనిద్దరికీ తగువెందుకని కింద పెట్టా.” అంటూనే నా చెయ్యి లాక్కుని, సంచి అంచు నా వేళ్ళ మధ్య పెట్టింది. “గట్టిగా పట్టుకో, వంకర పోకుండా కుడతా.”

బండొచ్చేదాకా పట్టుకునే ఉన్నా. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగులుతూనే ఉన్నాయి. రవిక సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఇప్పటికీ నేనూ సూది ఎవరి చేతికీ ఇవ్వను. కాకపోతే, కింద పెట్టే ముందే ఎందుకో చెప్తా.