బడి దాటించిన కథ

"ఇన్ని పుస్తకాలున్నాయి కదండీ, ఆడవాళ్ళు రాసినవి ఎన్ని?" అని మా ఆవిడ ఓ ఆదివారం అడిగింది. బీరువా అంతా వెతికితే రెండే దొరికాయి. సిగ్గేసింది. ఆ సాయంత్రమే రాజమండ్రి వెళ్ళి రచయిత్రుల పుస్తకాలు సంచీనిండా తెచ్చాను.

మర్నాడు మండపేట బస్సులో ఒకటి తెరిచాను. పథ్యం పేరుతో ఓ బాలింతను ఆకలికి మాడ్చిన కథ. ఇన్నేళ్ళ చదువులో ఆ ఆకలి నాకెక్కడా తగల్లేదు!

"మాస్టారూ, మీ బడి దాటిపోయిందండీ!" అని కండక్టర్ కేకేస్తే ఉలిక్కిపడి దిగాను. రోడ్డు మీదే ఇంటికి ఫోన్ చేశాను.

"బాలింతప్పుడు నువ్వూ పథ్యం పేరుతో ఆకలికి మాడావా?"

"రెండు పురుళ్ళకీనండి! ఇప్పటికి అడిగారు," అంటూ పకపకా నవ్వింది.

ఆ వారమంతా ఇద్దరం పోటీపడి చదివాం. మీరూ మొదలుపెట్టండి, ఎంత బాగుంటాయో!