హాకీ టీముకు నేను మేనేజరమ్మనైన సంగతి

మా కాలేజీ ఆడపిల్లోల్ల హాకీ టీము రెండేండ్లు ఊరు దాటలేదు. ఆట రాక కాదు. ఆడపిల్లోల్ల టీము యాడికి పోయినా వెంబడి ఒక లేడీ మేనేజరు ఉండాలని రూలంట. మా కాలేజీలో మేడమ్‌లు ఐదుమంది. ఒకామెకు నడుం నొప్పి, ఒకామెకు అత్త నొప్పి, తక్కిన ముగ్గురికీ ఎండ నొప్పి. ఎవురూ కదల్లేదు. పిల్లోల్లు మాత్రం పొద్దున్నే వచ్చి గులకరాళ్ల మీద బాలు తోలుకుంటా, మోకాళ్లు గీక్కోని ఇండ్లకు పోతాండిరి.

నేను ఆ గ్రౌండు మనిషిని. ఊడ్చేది, రాళ్లేరేది, సున్నంతో గీతలేసేది నా పని. మా ఆయన చేస్తాండిన పని, ఆయన పోయినాక నాకిచ్చినారు. సంతకం తప్ప ఇంకో అచ్చరం రాదు నాకు. గానీ నేను సున్నం గీత ఏసినానంటే చీమ గూడా దాని మీదనే నడుస్తాది.

మూడో సంవత్సరం అనంతపురంలో టోర్నమెంటని కాగితం వచ్చె. కెప్టెన్ పిల్లకు అది ఆఖరి సంవత్సరం. నా పక్కన కూలబడి, "ఈ తూరి గూడా పోకపోతే, మూడేండ్లు ఆడి ఒక్క మ్యాచి గూడా బయట ఆడకుండా కాలేజీ ఇడుస్తా పెద్దమ్మా" అనె. ఏడుస్తాదేమో అనుకుంటి. ఏడవలేదు. నన్ను కింద నుంచి మీదికి చూసింది.

"పెద్దమ్మా, నువ్వు గూడా లేడీవే గదా?"

"ఏమే, నీకు డౌటుండాదా?"

పీటీ సారు మొదట మొత్తుకున్యాడు. "కొంప ముంచుతారప్పా మీరు! నా ఉద్యోగం పోతాది." పిల్లోల్లు రెండు దినాలు ఆయన ఎనకాలే తిరిగినారు, మేకపిల్లలు తిరిగినట్ల. మూడో దినం ఒప్పుకున్యాడు గానీ ఒక షరతు పెట్టె. "నువ్వు ఆడ నోరు తెరవగూడదు. నీది మేడమ్ గొంతు కాదు." నిజమే. శెనగ చేన్లో అడివిపందుల్ని తోలి తోలి బొంగురుపోయిన గొంతు నాది.

కెప్టెన్ వాళ్లమ్మ రాయదుర్గంలో జీన్సు కుట్టే మిషను మీద పని చేస్తాది. మిగిలిన గుడ్డతో నాకు ప్యాంటు కుట్టిచ్చె. అది తొడుక్కున్యాకనే తెలిసింది, నాకుండే రెండు కాళ్లు దేనిపాటికి అది పోతాయని. మీద టీము చొక్కా, నెత్తిన టోపీ, మెడలో విజిలు, చేతిలో ఫైలు. ఫైల్లో పిల్లోల్ల కాగితాలు, నా వక్కాకు.

అనంతపురంలో దిగీ దిగగానే మేనేజర్ల మీటింగంట. మేడమ్‌లందరూ కుర్చీల్లో కూర్చోని ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతాండిరి. నేను నోరు కుట్టేసుకోని కూర్చుంటి. మా మ్యాచి పదకొండుకు పెట్టినారని చదివి, "మీరేమంటారు మేడమ్?" అని నన్నడిగినారు. ఏమనాల్నో తెలీక తల అడ్డంగా ఆడిస్తి. ఎండ నాకు నచ్చలేదనుకోని తొమ్మిదికి మార్చినారు. ఎనకాల ఎవురో గుసగుస పెట్టె: "ఆమె చానా స్ట్రిక్టు మాదిరుండాది."

మా పిల్లోల్లు రెండు మ్యాచిలు గెలిచినారు. రాళ్లల్లో ఎగిరే బాలుకు అలవాటు పడినోల్లకు, ఆ నున్నటి నేల మీద బాలు కుక్కపిల్ల మాదిరి చెప్పినట్లు ఇనింది.

అయితే మొదటి దినమే నా కంట్లో ఒకటి పడింది. గోలు ముందర సున్నంతో ఒక వంకర గీత ఉంటాది, డీ అంటారు. దాని లోపల నుంచి కొడితేనే గోలు, బయట నుంచి కొడితే లెక్కకు రాదు. దాన్ని గీయాలంటే గోలుకుండే రెండు కంబాల కాడ రెండు మేకులు కొట్టల్ల. ఒక్కో మేకు నుంచి పదహారు గజాల తాడుతో ఒక్కో వంకర తిప్పి, నడుమ రెండింటినీ నేరు గీతతో కలపల్ల. ఈడ గీసినోడెవడో గోలు నడిమధ్యన ఒకే మేకు కొట్టి, దోసె తిప్పినట్ల తిప్పేసినాడు. రెండు పక్కలా రెండేసి గజాలు తక్కువ. నా నాలిక దురద పెట్టె. సారు నన్ను చూసి కండ్లతోనే బెదిరిచ్చె. వక్కాకు నోట్లో కుక్కుకుంటి.

మూడో మ్యాచి గెలిస్తే ఫైనలు. అవతల ఆడేది ఆ గ్రౌండు కాలేజీ టీమే. సగం ఆట దాకా ఎవురికీ గోలు లేదు. అప్పుడు మా కెప్టెన్ కుడిపక్క నుంచి ఇద్దర్ని తప్పిచ్చుకోని వచ్చి ఒక ఏటు కొట్టింది. గోలు పలక ఠప్పుమనె. మా పిల్లోల్లు ఎగిరి గంతులేసినారు. అంపైరు చెయ్యి ఊపినాడు. డీ బయట నుంచి కొట్టిందంట, గోలు చెల్లదంట.

పిల్ల గీత పక్క చూసింది. తర్వాత నన్ను చూసింది.

నోరు తెరిస్తే నేనెవరో బయట పడి, దొంగ మేనేజరుతో వచ్చినారని టీమునంతా ఇంటికి తోలుతారు. తెరవకపోతే పిల్ల కొట్టిన గోలు సున్నంలో కలిసిపోతాది. ఎంతసేపు ఆలోచిస్తినంటావా? వక్కాకు ఉమిసేంత సేపు.

"ఏమప్పా! ఆ గీత గీసినోడెవడు? వాన్ని పిల్చుకోని రాండి!"

చెట్టు మీద కాకులు లేచిపాయ. మా సారు నెత్తిన చేతులు పెట్టుకోని కూలబడె.

టోర్నమెంటు చూసుకునే పెద్ద మేడమ్ ఉరికొచ్చింది. "ఏం మేడమ్, ఏమైంది?"

"కంబం కాడ నుంచి పదహారు గజాలు కొలవండి. నేను చెప్పేది తప్పయితే నన్ను గోలు కంబానికి కట్టేయండి."

అంపైరు మంచోడు. తానే టేపు పట్టి కొలిచినాడు. టేపు కొస గీత దాటి రెండు గజాలు బయట పడింది. పిల్ల నిలబడి కొట్టిన తావు దాని లోపలే.

"ఇప్పుడెట్ల? గీసినతను ఊరికి పోయినాడే" అని పెద్ద మేడమ్ చేతులు పిసుక్కునె. నేను సున్నం డబ్బా పట్టుకుంటి. రెండు పక్కలా రెండు డీలు, గొంతుక్కూచోని, చకచకా గీసేస్తి. జీన్సు ప్యాంటు మోకాళ్ల దాకా తెల్లగాయ. తల ఎత్తి చూస్తే గ్రౌండంతా నా పక్కే చూస్తాండాది.

అవతలి టీము మేనేజరు మేడమ్ అనె: "ఈమె మేనేజరు కాదు. ఆ చెయ్యి చూడండి, గ్రౌండు పనామె!"

పెద్ద మేడమ్ మా సారును అడిగింది. సారు బూటు లేసు కట్టుకునేకి వంగిపాయ. ఆమె నేరుగా మా ప్రిన్సిపాలుకే ఫోను కలిపి, అందరికీ ఇనపడేటట్ల పెట్టె. అయిపోయిందనుకుంటి. పిల్లోల్లు అప్పుడే బ్యాగుల పక్క చూస్తాండారు.

"మీ లేడీ మేనేజరు గురించి సార్…"

నన్ను మేనేజరని సారు రాసిన కాగితం మీద ఆయప్ప చదవకుండా సంతకం పెట్టినాడని నాకు ఎరికే. ఇప్పుడు కాదంటే ఆ మాట బయటికొస్తాది. "మా మేనేజరే! నేనే సంతకం పెట్టి పంపినా. ఏం, ఏమన్నా తప్పు చేసిందా?"

"లేదు సార్. మా తప్పు పట్టింది."

"మా స్టాఫంతా అంతేనమ్మా" అనె ఆయప్ప, గొంతు పెంచి.

అంతటితో నేను నిజం మేనేజరునైపోతి. పోయిన గోలు మాత్రం తిరిగి ఇయ్యలేదు, అంపైరు చెయ్యి ఊపినాక ఊపినట్లేనంట. ఆట మళ్లా మొదలాయ. ఆఖర్లో ఎవురి కాలికో తగిలి, ఎవురి కర్రకో తగిలి, బాలు ముసలెద్దు మాదిరి నడుచుకుంటా గోల్లోకి పోయె. అంత అందమైన గోలు పాయ, ఇంత వికారమైన గోలు నిలబడె. ఫైనలుకు పోతిమి.

తెల్లారి పెద్ద మేడమ్ నా కాడికి సున్నం డబ్బా పంపిచ్చె, ఫైనలుకు గీతలేయమని.

"ఏమమ్మా, మేనేజరుతో సున్నం మోయిస్తారా?" అంటి. ఊర్నుంచి వచ్చిన గీతలాయన్ని పిలిపిచ్చి, ఎదురుగా నిలబడి, విజిలు ఊదుకుంటా వానితోనే గీయిస్తి. రెండో డీ వంకర పోతే, "ఇది దోసె కాదు నాయనా" అని తుడిపిచ్చి మళ్లా గీయిస్తి.

ఫైనల్లో మూడు గోల్సు తేడాతో ఓడిపోతిమి. మూడూ డీ లోపల్నుంచే కొట్టినారు. ఎవురితోనన్నా కొట్లాడదామంటే ఒక్క గీతా తప్పు లేదు.

బస్సులో కెప్టెన్ పిల్ల నా భుజం మీద తల పెట్టి, చెవిలో అనె: "మనం గోలు కాసే పక్కన్నా ఒక దోసె వదిలింటే బాగుండు గదా పెద్దమ్మా!"