అప్ప అడిగిన ఒక్క ముక్క

మా పాత కొండబడి అప్ప పోయిందన్న కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా అందింది. ఇంటర్వెల్లో పిల్లల పుస్తకాలు దిద్దుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల నా పాత విద్యార్థి. ఇప్పుడు పెదబయలు సంతలో పసుపు కొనే వ్యాపారి దగ్గర పనిచేస్తున్నాడు.

"సారూ, అప్ప ఎల్లిపోనాది" అన్నాడు.

ఏమైందిరా అని అడిగితే, "జొరం సారూ. నాలుగు రోజులు. డోలీ కట్టి దించుదుమన్నాం, వద్దంది. నీకు బేగి సెప్దుమనుకున్నాను గానీ కొండమీద సిగ్నలు దొరకనేదు" అన్నాడు. అప్పటికే మట్టి చేసేశారట. సరేరా అని ఫోన్ పెట్టేసి మిగిలిన పుస్తకాలు దిద్దాను. ఎలా దిద్దానో మర్నాడు పిల్లలే చెప్పారు. తప్పు లెక్కలన్నిటికీ టిక్కులు పెట్టేశానట.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి నాలుగు మాటల్లో చెప్పుకుంటాం. అప్ప మంచి చెప్పడం నాకు కష్టం కాదు. కానీ ఎటునుంచి మొదలుపెట్టినా మధ్యలో నా చెడ్డ ఒకటి అడ్డం పడుతోంది. దాన్ని దాటేసి రాస్తే ఆమెతో ఆడిన అబద్ధాల్లో ఇది రెండోది అవుతుంది. అందుకని పాఠకులు నన్ను కాస్త ఓర్చుకోవాలి.

తొంభైల చివర్లో నాకు ఆ కొండ ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకి పోస్టింగ్ వచ్చింది. పెదబయలు నుంచి జీపు వెళ్ళినంత మేర వెళ్ళి, ఆపైన గంటన్నర నడవాలి. ఒకటే గది, ఐదు తరగతులు, నేనొక్కణ్ణి. మాది పల్లపు ప్రాంతం, విజయనగరం వైపు. పిల్లలది కువి భాష. ఒకటో తరగతి పిల్లలు నా మొహం చూస్తూ కూర్చునేవాళ్ళు, వాన చూస్తూ కూర్చున్నట్టు. నేను గొంతు పెంచేవాణ్ణి. అర్థం కాని మాటని గట్టిగా అంటే అర్థమవుతుందని మా పల్లపువాళ్ళకి ఒక నమ్మకం.

ఒకరోజు గుమ్మంలో చేట పట్టుకుని ఒక ఆవిడ నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. కాసేపు చూసి, "సారూ, నువ్వు గోడకి సెప్తన్నావు" అంది. అని, నేను చెప్పిందే పిల్లలకి వాళ్ళ మాటలో రెండు ముక్కల్లో చెప్పింది. పిల్లలు గొల్లున నవ్వి పలకలు తీశారు. నాకు కోపం వచ్చింది. నన్ను 'నువ్వు' అన్నందుకు ఇంకొంచెం వచ్చింది. అక్కడ కలెక్టరునైనా 'నువ్వు' అనే అంటారని తర్వాత తెలిసింది. మర్నాడు ఆమె రాకపోతే మాత్రం నేనే మనిషిని పంపించాను.

అలా వచ్చి కూర్చుంది. అప్ప అంటే మావైపు అక్క. పిల్లలంతా అలాగే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. చాలా ఏళ్ళు ఆమెకి జీతమూ లేదు, ఉద్యోగం పేరూ లేదు. వెనక గోడకి ఆనుకుని, చేటలో సామలు చెరుగుకుంటూ, నా తెలుగుని వాళ్ళ భాషలోకి తిప్పేది. కాలు చచ్చుబడ్డ పిల్లవాడొకడు పై గూడెంలో ఉంటే, వాణ్ణి ఏ రోజు ఎవరు మోసుకురావాలో వంతులు వేసింది. వంతు తప్పినవాడికి ఆమె నోటినుంచి పడే తిట్లు నాకు అర్థం కాకపోయినా వినడానికి బాగుండేవి.

ఆ మరుసటేడు తన చెల్లెలి కూతుర్ని తీసుకొచ్చింది. పేరు బుద్రి. ఆరేళ్ళుంటాయి. పుట్టుచెవుడు, మాట రాదు. నేను రిజిస్టరు మూసి, "అప్పా, ఈ పిల్లకి నేనేం చెప్పగలను? మిగతావాళ్ళు వెనకబడిపోతారు" అన్నాను.

"కొండ మీద సామ, కంది ఒక్క సేలోనే సల్లుతాం సారూ. సామ ముందు కోతకొస్తాది, కంది ఎనక వస్తాది. ఎనకబడిందని కందిని పీకేత్తామేటి?" అంది.

రిజిస్టరు తెరిచాను. పేరు రాశాను.

బుద్రికి ఆమె చేతులతో చెప్పేది. ఆ చేతులు ఎక్కడా నేర్చుకున్నవి కావు, ఇద్దరూ కలిసి కల్పించుకున్నవి. పిల్లలకది ఆటలా పట్టుకుంది. ఆరునెలలు తిరిగేసరికి గది గదంతా చేతులతో మాట్లాడుకుంటోంది. నా పేరు కూడా చేతిలోకి వెళ్ళిపోయింది. ముక్కు మీద జారిన కళ్ళజోడుని వేలితో పైకి తోస్తే, అది నేను. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడితే అప్ప వెనకనుంచి అరిచేది: "మొకం ఇటెట్టు సారూ, గుంటకి నీ నోరు అగుపడాల." మొకం అటెట్టడం నేర్చుకున్నాక మిగతా పిల్లలకీ నా పాఠం ఎక్కువ అర్థమైంది. బుద్రి రెండేళ్ళలో తన పేరు రాసింది. చింతపిక్కలతో కూడికలు నాకంటే వేగంగా చేసేది. చేతుల మాట రాంది ఆ గదిలో నాకొక్కడికే. నేర్చుకోలేదు. అప్ప ఉందిగా, నాకెందుకు అనుకున్నాను.

కొన్నేళ్ళకి మండలంలో మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. వికలాంగ పిల్లల్ని అందరితో కలిపి ఎలా కూర్చోబెట్టాలో, ఎలా చెప్పాలో చార్టులు వేసి చూపించారు. అవన్నీ అప్ప చేటతో కూర్చుని చేసినవే. సర్టిఫికెట్ మాత్రం నాకిచ్చారు. మడత పెట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్నాను.

బడిలో మధ్యాహ్నం వంట మొదలయ్యాక ఆ పని అప్పకే వచ్చింది. ఆ చలికాలంలో నేనొక ఘనకార్యం చేశాను. సంతలో చిక్కుడుకాయలు లేతగా కనిపిస్తే బుట్టెడు కొని మోయించి తెచ్చాను. అప్ప ఊళ్ళో లేదు, వేరే ఆవిడ చేత వండించాను. ఒక్క పిల్లా ముట్టుకోలేదు. విస్తళ్ళ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇళ్ళల్లో తిండికి గతిలేదుగానీ పొగరుకేం తక్కువలేదని తిట్టాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

సాయంత్రం అప్ప వచ్చి చెప్పింది. "సిక్కుడు కొత్త అవనేదు సారూ. కొత్త పంట ముందు ఊరి దేవుడికెట్టాల. పండగ సెయ్యకుండా నోట్లో ఎడితే ఊరికి మంచిది కాదు. పస్తైనా ఉంటారు గానీ తినరు." తర్వాత పదిహేను రోజులకి పండగ అయింది. పిల్లలు పోటీపడి నాకు విస్తరిలో కొత్త చిక్కుళ్ళు తెచ్చిపెట్టారు. ఆ రోజు బుద్రి తిన్నది చూసి అప్ప నవ్వడం ఇంకా గుర్తుంది.

ఇక నా సంగతి. బుద్రి ఐదో తరగతికి వచ్చింది. ఆ పైన తరగతులు మా బడిలో లేవు. మండలంలో వికలాంగ పిల్లల క్యాంపు జరిగితే తీసుకువెళ్ళాను. పల్లంలో చెవిటి పిల్లల హాస్టలు బడి ఉంది, సీటు ఇస్తామన్నారు. అది మంచి బడే. ఈ మాట గట్టిగా చెప్పాలి, తప్పు వాళ్ళది కాదు. తల్లి పంపనంది. అప్ప రెండు రోజులు ఆలోచించింది.

"ఇక్కడ అందరికీ దాని మాట వస్తాది సారూ. అక్కడ దాని మాట ఎవుళికి వస్తాది?"

"వాళ్ళు నేర్పుతారప్పా. ఇక్కడుంటే మేకల వెనక తిరగడమేగా" అన్నాను.

నా మాట మీద అప్ప, అప్ప మాట మీద తల్లి ఒప్పుకున్నారు.

హాస్టలుకి పిల్ల గురించి ఒక ఉత్తరం రాసి పంపాలి. ఉత్తరాలు రాయడంలో మా చుట్టుపక్కల నాకు పేరుంది. ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. బుద్రి కోసం రెండు పేజీలు రాశాను. చురుకైనదని, లెక్కల్లో దిట్ట అని, చక్కని చేతిరాత అని. అప్ప పక్కనే కూర్చుని కాగితం మీద నా చెయ్యి కదలడం చూస్తోంది.

"సారూ, ఒక్క ముక్క రాసీ. కొత్త కానిది ఎడితే తినదని. పండగ అయినాక మేం కబురెడతామని. అది నోరిప్పి సెప్పుకోలేదు గదా."

ఆ ముక్క నా ఉత్తరానికి నప్పదనిపించింది. నేను కట్టిన మంచి మంచి మాటల మధ్య దేవుడూ, చిక్కుళ్ళూ ఏమిటని అనిపించింది. చదివినవాళ్ళు నవ్వుతారని, ఈ మాష్టారు కొండలో ఉండి ఇలా తయారయ్యాడని అనుకుంటారని భయం. కలం కదిపి సంతకం మాత్రం చేశాను.

"రాసేవా?" అంది.

"రాశానప్పా."

ఆమెకి చదువు రాదు. కాగితం తీసుకుని, అక్షరాలు చెదిరిపోతాయన్నట్టు జాగ్రత్తగా మడిచి, బుద్రి సంచిలో పెట్టింది.

దసరా సెలవులకి పిల్ల బాగానే వచ్చి వెళ్ళింది. చలికాలం రాగానే హాస్టల్లో దాదాపు రోజూ చిక్కుడుకాయ కూర మొదలైంది. బుద్రి కంచం తోసేసింది. వాళ్ళు జ్వరమనుకున్నారు, ఇంటి మీద బెంగ అనుకున్నారు, ఆఖరికి మొండితనం అనుకున్నారు. బలవంతంగా తినిపించబోయిన ఆయా చెయ్యి కొరికిందట. నెల తిరగకుండా పంపించేశారు. ఆహారం తీసుకోదు, ఎవరితోనూ కలవదు అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం చదివి వినిపించింది నేనే. బుద్రి గుమ్మం దగ్గర నిలబడింది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. నా వంక చూడలేదు.

అప్ప అంతా విని, తల్లితో, చుట్టూ చేరినవాళ్ళతో అంది: "మా సారు రాసేడు. నా కళ్ళెదర రాసేడు. ఆ హాస్టలోలే సదవనేదు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఊరంతా ఆ హాస్టలువాళ్ళని తిడుతుంటే నేను తల వంచుకుని బాధపడుతున్న మాష్టారిలా నిలబడ్డాను. నాకు కాఫీ కూడా ఇచ్చారు.

బుద్రి మళ్ళీ బడి గడప తొక్కలేదు. అప్ప రోజూ ఉదయం ఆ ఇంటికి వెళ్ళేది. ఒక్కతే తిరిగొచ్చి పొయ్యి వెలిగించేది. "రేపొస్తాదిలే సారూ" అనేది నాతో. ఏ రేపూ రాలేదు. ఇంకో ఏడాదికి నాకు పల్లానికి బదిలీ అయింది. ఒప్పుకుంటే తప్పేముంది, నేనే అర్జీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమెని ఒక్కసారే చూశాను, పెదబయలు సంతలో. విస్తళ్ళు కుట్టే అడ్డాకు కట్టలు ముందు పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు కీళ్ళ దగ్గర వాచి ఉన్నాయి. నన్ను చూసి పక్కన చోటిచ్చి, సీతాఫలం విప్పి సగం చేతిలో పెట్టింది. ఈసారి చెప్పేద్దామని, "అప్పా, ఆనాటి ఉత్తరంలో..." అని మొదలుపెట్టాను.

"ఆలు సదవనేదు గదా. ఇంకా దానికే ఏడుత్తన్నావేటి సారూ? తిను" అంది.

నా మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. ఆమెకి తెలుసేమోనని ఆ రోజునుంచీ అనుమానం. తెలిసే ఊళ్ళో నా పరువు నిలబెట్టిందా, నిజంగానే నమ్మిందా అన్నది ఇక ఎవరినీ అడగలేను. ఏదైనా నాకు ఒకటే బరువు. జీపు వచ్చింది, ఎక్కేశాను.

ఫోన్ వచ్చిన వారానికి సెలవు పెట్టి కొండెక్కాను. బడికి కొత్త గదులు వచ్చాయి. నా కాళ్ళలో మాత్రం ఆ పాత సత్తువ లేదు, రెండు చోట్ల కూర్చున్నాను. అప్ప చేతులు పట్టేసినప్పటినుంచి బుద్రే వండుతోందని దారిలో చెప్పారు. వంటపాక దగ్గరికి వెళ్ళేసరికి గంజి వారుస్తోంది. పదిహేడేళ్ళ పిల్ల. నన్ను చూసింది. గుర్తుపట్టింది. గిన్నె దించి నిలబడింది.

ఐదారేళ్ళుగా మనసులో అప్పకి చెప్పుకున్నదంతా ఈ పిల్లకి చెప్పాలని వచ్చాను. నా చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూశాను, తిప్పి చెప్పేవాళ్ళ కోసం.

పలక పట్టుకున్న చిన్నపిల్ల ఒకతె నా వెనకే ఉంది. "ఏటి సెప్పాల సారూ అక్కకి? నాను సెప్తాను" అంది.

"తప్పు నాదే, నన్ను క్షమించమని చెప్పమ్మా."

ఆ పిల్ల పలక చంకలో పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తి, ఆలోచించింది. ఇంకాసేపు ఆలోచించి చేతులు దించేసింది.

"ఆ మాటకి అప్ప సెయ్యి సూపించనేదు సారూ."

బుద్రి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చెయ్యి చీరకి తుడుచుకుని, ఐదు వేళ్ళూ దగ్గరకి చేర్చి నోటి దగ్గర పెట్టి, కనుబొమలెత్తి నన్ను అడిగింది. అది తెలియడానికి నాకు ఎవరూ అక్కర్లేకపోయింది. వెనక అన్నం గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. ఆమె చెయ్యి దించకుండా, అలాగే నోటి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది.