ఒక్క ప్లగ్గు బండి

అమెరికాలో, ఎడిసన్‌ ఊళ్ళో పాత కార్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. వందేళ్ళు దాటిన కార్లు, ఆదివారంనాడు వాటిలో ఊరేగే డబ్బున్నవాళ్ళవి. ఆ షెడ్డులో, పెట్రోలుకు నిప్పు రాజేసే స్పార్క్ ప్లగ్గులు పరీక్షించడం ధర్మారావు పని. ఖమ్మం బస్సు డిపోలో ఉన్నప్పుడు అన్నీ డీజిల్ ఇంజన్లే, ప్లగ్గు మొహం చూసిందే లేదు. ఇదంతా ఇక్కడికొచ్చి నేర్చుకున్నదే.

బయటి గాలిలో ఏ ప్లగ్గయినా మెరుస్తుంది, పైనున్న పింగాణీ చిట్లినదైనా సరే. ఇంజన్ లోపల గాలి బిగుసుకున్నప్పుడే దాని బండారం తెలిసేది. అందుకే ధర్మారావు ప్లగ్గును గాజుకన్నున్న ఇనపడబ్బాకి బిగించి, పంపుతో గాలి ఎక్కించి, కరెంటిచ్చి లోపలికి తొంగిచూస్తాడు.

"ఏందన్నా, ప్లగ్గుకు పెళ్ళిచూపులా? పాట పాడమను," అనేవాడు హనుమయ్య.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడాక హనుమయ్య పొద్దంతా ఆ షెడ్డులోనే ఉండేవాడు. తుక్కులో దొరికిన ఒక్క సిలిండర్ బండిని తన చేత్తో నిలబెట్టుకున్నాడు. ఒక్క సిలిండర్, ఒక్కటే ప్లగ్గు. ఆ ప్లగ్గు ఏరి ఇచ్చింది ధర్మారావు.

మార్చిలో ఆ బండి రైలుపట్టాల మీద ఉండగా రైలొచ్చింది. వెనక సగం నుజ్జయింది. హనుమయ్య సీట్లోనే పోయాడు.

బండి పట్టాల మీద ఆగిపోయిందన్నారు పోలీసులు. పెట్రోలు ఉంది, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ బాగుంది. ఇక మిగిలింది ప్లగ్గు. ఆ మాట ధర్మారావు మొహం మీద ఎవరూ అనలేదు, టీ తాగేటప్పుడు పక్కన కూర్చోవడం మాత్రం మానేశారు. ఆనాటినుంచి గాజులోకి చూస్తే నీలం మెరుపు వెనక హనుమయ్య కళ్ళు కనిపించేవి. అవి నవ్వేవి కావు.

మే నెలలో హనుమయ్య కూతురు సుధ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. టిష్యూలో చుట్టిన ఆ బండి ప్లగ్గు బల్ల మీద పెట్టింది.

"టెస్ట్ చేయండి అంకుల్. అమ్మ నిద్రపోవట్లేదు. నాన్న కావాలనే చేశాడా అంటుంది. లాస్ట్ కాల్‌లో నాన్న నాకు చెప్పాడు, 'బండి ఆపాను రా' అని. పోలీస్‌కి కూడా చెప్పాను, కార్ స్టాప్ అయింది అని."

ధర్మారావు చేతిలో పానా నిలిచిపోయింది. "ఆగింది అన్నాడా, ఆపాను అన్నాడా?"

"ఆపాను. సేమ్ కదా అంకుల్?"

"అమ్మకేం చెప్పావు?"

"ఆగింది అన్నాడని. సేమే కదా?"

అతను ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "ఓక్ ట్రీ రోడ్డులో కాఫీ తాగి రామ్మా, చూసి పెడతా," అన్నాడు.

ఆమె వెళ్ళాక ప్లగ్గు బిగించి గాలి ఎక్కించాడు. మెరిసింది. ఇంకా ఎక్కించాడు, ఇంజన్‌లో ఎన్నడూ ఉండనంత. టిక్, టిక్, టిక్, ఒక్కటీ తప్పకుండా మెరిసింది. తన ప్లగ్గు తప్పు చేయలేదు. ఆ క్షణం కోసం రెండు నెలలు ఎదురుచూశాడు. తీరా వచ్చాక అతను కరెంటు కట్టేశాడు.

ఆగిన బండి మళ్ళీ కదలాలంటే దిగి హ్యాండిల్ తిప్పాలి. హనుమయ్య దిగలేదు.

ధర్మారావు ప్లగ్గు విప్పి, పింగాణీ మీద పానాతో ఒక్కటేశాడు. సన్నని పగులు తెల్లగా కనబడింది. పాత ఇంజనాయిలు తీసి బొటనవేలితో అది నల్లబడేదాకా రుద్దాడు.

సుధ రాగానే ముందు బయటి గాలిలో చూపించాడు. మెరిసింది. డబ్బాలో గాలి ఎక్కేకొద్దీ మెరుపు గుడ్డిదై ఆరిపోయింది.

"చూశావా, చిట్లింది. నేను ఏరి ఇచ్చిన ప్లగ్గే. అమ్మకు చెప్పు, బండి దానంతటదే ఆగిపోయిందని."

సుధ ప్లగ్గును మళ్ళీ టిష్యూలో చుట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. బయటికెళ్ళి కార్లో కూర్చుని, గట్టిగా ఏడ్చి, వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

ఇప్పుడు ధర్మారావు చూసిన ప్రతి ప్లగ్గునూ షెడ్డులో ఇంకొకరు మళ్ళీ చూస్తారు. అతనే తీసి వాళ్ళ చేతికిస్తాడు. డబ్బాకి ప్లగ్గు బిగించి కరెంటివ్వడానికి ముందు మాత్రం ఒకసారి కళ్ళు మూసుకుంటాడు. గాజు వెనకనుంచి ఎప్పుడూ హనుమయ్యది ఒకే మాట.

"ఆపాను, అన్నా."