ఒంటిచెవి నీలం గుర్రం

ఇప్పుడే ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. పాత కూలర్ అమ్ముదామని అమ్మను వెంటబెట్టుకుని మట్టెవాడలో పాత ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్తే, తుప్పు పట్టిన బీరువాల మధ్య, ఇనుప చట్రంతో సహా, మన నీలం గుర్రం నిలబడి ఉంది!

గుర్తుందా? మన పార్కు రంగులరాట్నం మీది ఒంటిచెవి గుర్రం. దాని కోసం నాతో జుట్లు పట్టుకుని కొట్లాడినవాళ్లు ఈ పోస్టు చదువుతున్నారని నాకు తెలుసు. ఎండకు కాలిపోయే దాని వీపు, ఆ గ్రీజు వాసన! తిరుగుతుంటే కాళ్లకున్న చెప్పులు ఎగిరిపోయేవి. అందుకే ఎక్కేముందే విప్పి అమ్మల చేతికిచ్చేవాళ్లం. పెళ్లయ్యాక కూడా పిల్లల వంక పెట్టి ఎక్కాను. పోయిన ఎండాకాలమూ ఎక్కాను.

"ఇదెట్లొచ్చిందన్నా ఇక్కడికి?" అని దుకాణం ఆయన్ను అడిగాను.

"పార్కు బందయింది గదక్కా. రేపు పలగ్గొడ్తం. లోపలి ఇనుమే పనికొస్తది."

పగలగొడతారా? దీన్నా?

"అమ్మా, జర చెప్పవే ఈయనకు! దీని మీద తిరుగుతాంటే ఎట్లుంటదో చెప్పు!"

"నాకేమెర్క బిడ్డా? నేనెన్నడు ఎక్కిన? మీ చెప్పులు పట్టుకొని కిందనే ఉంటి గద."

గుర్రాన్ని చూసినప్పుడు కూడా ఇంతగా కొయ్యబారిపోలేదు. అన్ని ఎండాకాలాల్లో ఒక్కసారి కూడా ఎక్కలేదా?

అమ్మ గుర్రం దగ్గరికి నడిచింది. దాని వీపు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. తర్వాత చెప్పులు విప్పి నా చేతికిచ్చింది.